ఆఖరి బంతిలో మైక్రోస్కోపు

కొత్త భవనంలో మైక్రోస్కోపీ కేంద్రానికి చోటు కేటాయించే పద్ధతి అచ్చం పెళ్లి భోజనాల పద్ధతి. మొదటి బంతిలో పెద్దలు కూర్చుంటారు: అధిపతి ఛాంబరు, దాని పక్కన సందర్శకుల గది, ఆ పక్కన పీఏ గది, ఎదురుగా కాన్ఫరెన్స్ హాలు. రెండో బంతి ఆఫీసుది: అకౌంట్స్, రికార్డులు, స్టోరు. మూడో బంతి యంత్రాలది: లిఫ్టు, జనరేటరు, నీళ్ల మోటారు, ట్రాన్స్‌ఫార్మరు. అప్పడాలు అయిపోయి, పెరుగు గిన్నె అడుగంటాక మైక్రోస్కోపులు ఇంకా తినలేదని ఎవరికో గుర్తొస్తుంది. అప్పుడు ప్లాను మీద వేలు జరుపుతూ ఒక గది వెతుకుతారు. ఎవరూ అడగని గది ప్రతి భవనంలోనూ ఒకటి ఉంటుంది. ఎందుకు అడగలేదన్న ప్రశ్న మాత్రం మినిట్స్‌లోకి ఎక్కదు.

ఈ పద్ధతిలో ఒక్కటే చిక్కు. ఆఖరి బంతిలో కూర్చున్నది ఆ ఇంట్లో కఠిన పథ్యం మీద ఉన్న మనిషి. అధిపతి కుర్చీ ఏ గదిలో వేసినా కుర్చీయే. అకౌంట్స్ ఫైలు రోడ్డు పక్క గదిలో ఎంత నెమ్మదిగా కదులుతుందో మూడో అంతస్తులోనూ అంతే నెమ్మదిగా కదులుతుంది. మైక్రోస్కోపుకి మాత్రం నేల కదలకూడదు, గాలి వీచకూడదు, వేడి మారకూడదు, అక్కర్లేని వెలుగు చొరబడకూడదు, దుమ్మూ చెమ్మా చేరకూడదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపయితే చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కూడా ఊగకూడదు. ఇన్ని కూడనివి ఉన్న అతిథికి ముందుగా వడ్డించడం మర్యాద అనిపించకపోయినా తెలివి అనైనా అనిపించాలి.

ఇందులో అర్థంకాని సైన్సేమీ లేదు. మైక్రోస్కోపు వస్తువుని ఎంత పెద్దది చేసి చూపిస్తుందో దాని వణుకునీ అంతే పెద్దది చేసి చూపిస్తుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. వెయ్యి రెట్లు పెద్దది చేసే మైక్రోస్కోపు కింద స్లయిడు ఒక మైక్రాన్ ఊగితే కంటికి ఒక మిల్లీమీటరు ఊగినట్టు ఉంటుంది. క్షయ క్రిమి మందం అర మైక్రాన్‌కి అటూ ఇటుగా ఉంటుంది. అంటే ఆ ఒక్క మైక్రాన్ ఊపుకే క్రిమి తన మందానికి రెండింతల దూరం జరిగి, గీతలా కనబడాల్సింది మసకలా మిగులుతుంది.

నేల వణుకుకి కొలతలున్నాయి. కాలిన్ గోర్డన్ 1991లో ప్రచురించిన ప్రమాణాలు ల్యాబులు కట్టే ఇంజనీర్లకి ప్రపంచమంతటా ఎక్కాల పుస్తకం లాంటివి. ఆ లెక్కలో ఆఫీసు నేల సెకనుకి 400 మైక్రాన్ల వేగం దాకా వణికినా సరే. ఆపరేషన్ థియేటరుకి హద్దు 100. నాలుగు వందల రెట్లు చూపించే మామూలు మైక్రోస్కోపుకి 50. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులకి 6, మరీ సున్నితమైనవాటికి 3. ఆఫీసు కోసం గీసిన గదికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ అని బోర్డు తగిలించినప్పుడు ఆ నేల ఒక్క రాత్రిలో అరవై రెట్లు నెమ్మదించాలి. బోర్డు మార్చడానికి పెయింటరు చాలు. నేలని మార్చగల పెయింటరు ఇంకా పుట్టలేదు.

చోటు ఎంచుకునే ఈ విద్య నేర్చుకోవడానికి విజయవాడ వన్ టౌన్‌ని మించిన బడి లేదు. మైక్రోస్కోపు వద్దనేవన్నీ అక్కడ నడిచి వెళ్లేంత దూరంలో దొరుకుతాయి. తూర్పున రైలు కట్ట: చెన్నై, హౌరా, ఢిల్లీ దారులు కలిసే జంక్షన్, పట్టాల పైన 25 వేల వోల్టుల తీగ. దక్షిణాన కృష్ణ. పడమట ఇంద్రకీలాద్రి. మధ్యలో కాళేశ్వరరావు మార్కెట్‌కి వచ్చే సరుకు లారీలు, వస్త్రలతకి చేరే బట్టల బేళ్లు, వాటిని దించే ముఠా కూలీలు, తోపుడు బళ్లు, ఆటోలు. కొండ మొదట్లో పునాది తవ్వితే రాయి తగులుతుంది, కాలువల వైపు తవ్వితే ఒండ్రు. రెండూ వణుకుని ఒకేలా మోయవు. ఒకే వీధిలో నాలుగు భవనాలకి నాలుగు రకాల వణుకు ఉండొచ్చు కనక ఇక్కడ కొలవకుండా కట్టినవాడు లాటరీ టికెట్టు కొన్నట్టే.

కొలత లేని చోట చోటు వెతికే మొదటి సాధనం వాస్తు. పాత గ్రంథాల్లో మైక్రోస్కోపు ఊసు లేదు కనక దాన్ని తెలిసిన వస్తువుల్లో దేనితోనో ఒకదానితో జత కట్టి చూస్తారు. బరువైనది కదా, నైరుతిలో పెట్టమంటారు. నైరుతి యజమాని స్థానం, అక్కడ అధిపతి ఛాంబరు ఎప్పుడో దిగిపోయింది. పైగా బ్లేజ్‌వాడ అని పేరు తెచ్చుకున్న ఊళ్లో ఎండాకాలం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా సూర్యుడు కాచేది ఆ మూల పడమటి గోడనే. కరెంటుతో నడిచేది కదా, ఆగ్నేయంలో పెట్టమంటారు. ఆగ్నేయం అగ్నిదేవుడిది కనక జనరేటరూ ట్రాన్స్‌ఫార్మరూ శాస్త్రోక్తంగా అక్కడే కొలువున్నాయి. వాయవ్యం గాలి మూల, అక్కడ మరుగుదొడ్లూ ఏసీ యంత్రాలూ చేరాయి. మిగిలింది ఈశాన్యం. నీళ్లు ఈశాన్యంలో ఉండాలి కనక బోరు, సంపు, రోజుకి నాలుగుసార్లు హోరెత్తే మోటారు అక్కడే ఉన్నాయి. తూర్పు మంచిదని తలుపులూ కిటికీలూ తూర్పుకే పెట్టారు, వన్ టౌన్‌లో తూర్పున ఉన్నది రైలు. ఇలా దిక్కులన్నీ పంచేశాక మైక్రోస్కోపు దిక్కులేనిదవుతుంది.

రెండో సాధనం ప్రారంభోత్సవం. ఖరీదైన యంత్రం కొన్నాక అది వచ్చినవాళ్లకి కనబడాలి. కనక పోర్టికో దాటగానే, శిలాఫలకం పక్కనే, రోడ్డు వైపు అద్దాల గది కట్టిస్తారు. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపులో నమూనా తనంతట తాను విడుదల చేసే వెలుగు మిణుగురు వెలుగంత ఉంటుంది. దాన్ని చూడాలంటే గది చీకటిగా ఉండాలి. అద్దాల గదిలోకి దిగిన టెక్నీషియన్ మొదటి వారం అద్దాలకి నల్ల చార్టులు అంటిస్తాడు. రెండో వారం పెద్దలెవరో వస్తున్నారని వాటిని పీకిస్తారు. మూడో వారం నుంచి గుడ్డ తెరలు వస్తాయి, తెరలతోపాటు దుమ్మూ వస్తుంది. వన్ టౌన్ బట్టల కొట్లో చీర రంగు సరిగ్గా చూడాలనుకున్న అమ్మ దాన్ని గుమ్మంలోకి, పగటి వెలుగులోకి పట్టుకెళ్తుంది. ఏ పనికి ఏ వెలుగు కావాలో ఆమెకి తెలుసు. అద్దాల గది గీసినవాళ్లకి తెలిసింది రిబ్బను ఎక్కడ కడితే ఫొటో బాగా పడుతుందనేది.

మూడో సాధనం మేడ మీద మిగిలిన గది. నేల నుంచి పైకి పోయినకొద్దీ భవనం ఎక్కువ ఊగుతుంది. ఒకే అంతస్తులో కూడా పిల్లరు దగ్గర ఉన్నంత నిలకడ స్లాబు నడిమధ్యన ఉండదు. కొత్త భవనాల్లో బీములు దూరదూరంగా వేసి, స్లాబు పలచన చేసి, హాలు విశాలంగా ఉందని మెచ్చుకుంటారు. అంత విశాలమైన హాలులో నడిచే ప్రతి మనిషి అడుగూ పక్క గది మైక్రోస్కోపులో నమోదవుతుంది. ఆ గది పైనే ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంటే నీళ్లు పడే చప్పుడు కూడా స్లయిడు మీద కనిపిస్తుంది.

నాలుగో సాధనం లిఫ్టు పక్క గది. లిఫ్టుకి ఎదురు బరువుగా ఒక ఇనుప దిమ్మ గోడ వెనక ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఎలక్ట్రాన్ల సన్నని ధార నమూనా మీద వరస వరసగా ఊడుస్తూ బొమ్మ గీస్తుంది. అయస్కాంత క్షేత్రం ఏమాత్రం మారినా ధార పక్కకి వంగుతుంది. ఇలాంటి యంత్రం సహించగల మార్పు సాధారణంగా భూమి సొంత అయస్కాంత క్షేత్రంలో వందో వంతు కన్నా తక్కువే. కనక లిఫ్టెక్కి ఛాంబరుకి వెళ్లే ప్రతి పెద్దమనిషీ ఆ బొమ్మలో ఒక వంకర గీతగా మిగిలిపోతాడు. రైలు కట్ట దగ్గరైతే ఏ బండి ఎప్పుడు వచ్చిందో ఆ బొమ్మలు చూసి చెప్పొచ్చు. ఎంక్వైరీ కౌంటరుకి అదొక మంచి ఆధారం. పరిశోధనకి మాత్రం కాదు.

అయిదో సాధనం సెల్లారు. ఇన్నిట్లోనూ ఇది సైన్సు తెలిసినవాళ్ల సలహా: నేలలోకి పోతే వణుకు తగ్గుతుంది, వెలుగు రాదు, వేడి నిలకడగా ఉంటుంది. ప్రపంచంలో చాలాచోట్ల మైక్రోస్కోపులు కింది అంతస్తులోనే ఉన్నాయన్న మాట నిజం. అయితే ఆ సలహా ఇచ్చిన పుస్తకం కృష్ణా నది పక్కన రాసింది కాదు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించింది. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షలు దాటి ఆ రికార్డు మునిగిపోయింది. అదే రోజుల్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఈ ఊళ్లో సెల్లారు అన్నది వానాకాలంలో సంపుకి మారుపేరు. కోట్ల యంత్రాన్ని అందులో పెట్టడం చేపల చెరువులో బీరువా దాచుకోవడం లాంటిది.

మరి సరైన చోటేది? గ్రౌండ్ ఫ్లోరులో, సొంత నేల మీద పోసిన మందపాటి గచ్చు మీద, వరద మట్టం కన్నా ఎత్తైన పీఠం మీద, లిఫ్టుకీ మోటార్లకీ రోడ్డుకీ దూరంగా ఉన్న లోపలి గది. ఆ గచ్చుని చుట్టూ ఉన్న పిల్లర్ల నుంచి సన్నని ఖాళీతో విడదీస్తే భవనం వణుకు దాని మీదికి ఎక్కదు. ఇది రహస్యమేమీ కాదు. కానీ గ్రౌండ్ ఫ్లోరు అడిగితే అది పార్కింగుదని జవాబొస్తుంది. భవనం మొత్తంలో అతి తక్కువ కదిలే అంతస్తుని, మొత్తం ఆస్తిలో అతి ఎక్కువ కదిలే వస్తువులకి రాసిచ్చేశారు. కార్లు నిశ్చలంగా నిద్రపోతాయి. వాటి నెత్తిన మైక్రోస్కోపు రాత్రంతా వణుకుతుంది.

గది దొరికాక దాన్ని చెడగొట్టే ఉపాయాలు ఇంకో నాలుగున్నాయి. మొదటిది గుమ్మం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బరువు టన్ను దాటొచ్చు. పెద్ద రకాలకి మూడు మీటర్లకి పైన ఎత్తున్న కప్పు కావాలి. గుమ్మం మనిషి కొలతకి పెట్టించి, పైన ఫాల్స్ సీలింగు బిగించి, యంత్రం లారీలో వచ్చిన రోజున గోడ పగలగొడతారు. వన్ టౌన్ సందులో లారీ ఏ మలుపు దగ్గర ఆగిపోతుందో ముఠా మేస్త్రీని అడిగితే ఆర్డరు పెట్టకముందే చెప్పేవాడు. కొనుగోలు కమిటీలో ముఠా మేస్త్రీ ఉండడు.

రెండోది ఏసీ. ఇరవై సెంటీమీటర్ల ఉక్కు స్తంభం ఒక్క డిగ్రీ వేడెక్కితే రెండు మైక్రాన్లకి పైగా సాగుతుంది. నూనె చుక్క వేసి చూసే వంద రెట్ల కటకానికి స్పష్టంగా కనిపించే లోతు ఒక మైక్రాన్ కూడా ఉండదు. అంటే ఏసీ ఆగి మళ్లీ అందుకునే లోపు ఫోకస్ పోతుంది. చల్లగాలి సూటిగా యంత్రం మీదికి కొట్టేలా ఏసీ బిగిస్తే గాలి ఊపు అదనం. సాయంత్రం అయిదింటికి కరెంటు ఆదా పేరుతో ఏసీ కట్టేస్తే డెల్టా చెమ్మ గదిలోకి దిగి కటకాలకి బూజు పట్టిస్తుంది. ఆదా అయిన బిల్లుకీ కొత్త కటకం బిల్లుకీ హెడ్డులు వేరు కనక ఆడిటులో రెండూ ఎదురుపడవు.

మూడోది కుళాయి. ప్రభుత్వ క్షయ నివారణ పథకంలో లక్ష జనాభాకి ఒకటి చొప్పున కళ్లె పరీక్ష చేసే మైక్రోస్కోపీ కేంద్రం ఉండాలన్నది నియమం. గిరిజన, కొండ ప్రాంతాల్లో 50 వేలకి ఒకటి. వన్ టౌన్ లాంటి కిక్కిరిసిన పేటల్లో ఈ చిన్న గది పని ఏ పెద్ద ప్రయోగశాల పనికీ తీసిపోదు. అక్కడ స్లయిడుకి రంగు వేడిగా పట్టించాలి, కడగాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాత వంద ఫీల్డులు చూశాకే క్రిమి లేదని రాయాలి. ప్లానులో ల్యాబ్ అని రాసిన గదిలో తొట్టీ కుళాయీ లేకపోతే టెక్నీషియన్ రంగు పూసిన స్లయిడ్లు పట్టుకుని వరండా చివరికి నడుస్తాడు. కళ్లె ఆరుబయట సేకరించాలన్నది ఆరోగ్య సూత్రం. బయట అంటే రోగులు వరసలో కూర్చునే బెంచీ పక్కన అని కొన్ని ప్లానులు అర్థం చేసుకుంటాయి. నాలుగోది కరెంటు: యూపీఎస్ ఎక్కడ పెట్టాలో ఎవరూ ఆలోచించరు కనక దాన్ని మైక్రోస్కోపు బల్ల కిందే పెట్టి, దాని ఫ్యాను వణుకుని పైకి ఎక్కిస్తారు.

ఈ ఆఖరి బంతి పద్ధతిని సమర్థించే వాదాలు రెండున్నాయి. ఒకటి, గది ఏదైతేనేం, గాలి బుడగల మీద తేలే బల్ల కొంటే సరిపోతుందన్నది. ఆ బల్లలు మంచివే, వేగంగా వచ్చే సన్నని వణుకుని బాగా ఆపుతాయి. కానీ ప్రతి బల్లకీ తనదంటూ ఒక ఊపు ఉంటుంది, మామూలుగా సెకనుకి ఒకటి నుంచి మూడు సార్లు. భవనం మెల్లగా ఊగే ఊపు దాంతో కలిస్తే బల్ల ఆ ఊపుని ఆపకపోగా పెంచుతుంది. పడవలో కూర్చున్న మనిషికి ఉయ్యాల కొనిచ్చినట్టుంటుంది.

రెండో వాదం చరిత్ర నుంచి వస్తుంది: రొనాల్డ్ రాస్ ఏ ఏసీ గదిలో కూర్చుని మలేరియా గుట్టు కనిపెట్టాడు? సికింద్రాబాద్ దగ్గర బేగంపేటలో ఒక చిన్న ఆస్పత్రి గదిలో కదా? నిజమే. 1897 ఆగస్టు 20న రాస్ అక్కడే దోమ పొట్టలో మలేరియా క్రిమిని గుర్తించాడు, 1902లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ భవనం ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఆయన పేరుతో ఉంది. ఈ ఉదాహరణ చెప్పేవాళ్లు కథలో సగమే చదువుతారు. చెమటకి తన మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయనీ, మిగిలిన ఒక్క ఐపీస్ పగిలి ఉందనీ, కోసి పరిచిన దోమలు ఎగిరిపోతాయని ఆగస్టు ఉక్కలో పంకా కూడా లాగనివ్వలేదనీ రాస్ స్వయంగా రాసుకున్నాడు. అంటే ఆ గదిలో గాలి గురించి ఆలోచించినవాడు ఒకడున్నాడు, మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాడే. పంకా ఆపాలా వద్దా అన్నది ఆయన ఏ కమిటీకీ నివేదించలేదు. రాస్ ఆ కష్టం సరైన గది లేక పడ్డాడు. కోట్లు పోసి కట్టిన భవనంలో ఆ కష్టాన్ని మళ్లీ ఏర్పాటు చేయడం ఆయనకి నివాళి అనిపించుకోదు.

సరైన క్రమం కష్టమైనదేమీ కాదు. ముందు యంత్రాల జాబితా, వాటి పథ్యాల జాబితా. తర్వాత కట్టబోయే స్థలంలో రాత్రీ పగలూ కలిపి వణుకునీ అయస్కాంత క్షేత్రాన్నీ కొలవడం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు అమ్మే కంపెనీలే యంత్రం దించే ముందు ఈ కొలతలు అడుగుతాయి. స్లాబు ఎండాక కొలిస్తే అది పోస్టుమార్టం, పునాదికి ముందు కొలిస్తే వైద్యం. తర్వాత రోజూ స్లయిడు చూసే టెక్నీషియన్‌ని ప్లాను ముందు కూర్చోబెట్టడం. ఇదేమీ కొత్త తెలివి కాదు. బెజవాడలో కృష్ణ ఒక పక్క ఇంద్రకీలాద్రికీ మరో పక్క సీతానగరం కొండకీ మధ్య ఇరుకయ్యే చోటు చూసి అక్కడ ఆనకట్ట కట్టారు. అది 1855కి పూర్తయింది. 1957లో బ్యారేజీ కూడా ఆ దగ్గరలోనే లేచింది. ముందు ఇంజనీర్ల బంగళాలకి, గుమస్తాల కచేరీలకి చోటు పంచి, మిగిలిన చోట నదిని ఆపి ఉంటే డెల్టాలో ఎకరం తడిసేది కాదు.

వన్ టౌన్‌లో బంగారప్పని చేసే కంసాలికి ఇదంతా ఎవరూ చెప్పనక్కర్లేదు. గోడ వారన, నేల మీద, జనం తొక్కని మూల చూసుకుని కూర్చుంటాడు. తూకం వేసేటప్పుడు ఫ్యాను ఆపుతాడు, త్రాసుని అద్దాల పెట్టెలో ఉంచుతాడు. కొట్టులో ముందుగా చోటు దొరికేది పనికి; గల్లాపెట్టె, కుర్చీ, క్యాలెండరు ఆ తర్వాత సర్దుకుంటాయి.

కొత్త భవనాల్లోనూ బంతులు తిరగేస్తే సరిపోతుంది. మొదటి బంతిలో మైక్రోస్కోపు, రెండో బంతిలో దానికి కావాల్సిన నీళ్లు, కరెంటు, చల్లదనం, మూడో బంతిలో ఆఫీసు. ఛాంబరు చివరన వచ్చినా నష్టం లేదు. అధిపతి ఆఖరి బంతిలో కూర్చున్నంత మాత్రాన ఆయన విస్తట్లో నెయ్యి తగ్గదు.